అడిగినవాళ్ళకే ఐదో అంచె

మా వదిన గురించి చెప్పాలంటే ముందు ఆవిడ కారు గురించి చెప్పాలి. ఆవిడ సంగతులు నాకు తెలిసినవన్నీ ఆ కారు ముందు సీట్లో కూర్చుని విన్నవే. మేం ఒకే భవనంలో ఉంటాం. అన్నయ్యా వదినా పైన, నేను కింద. వదినా నేనూ పనిచేసేది కూడా ఒకే ఆఫీసులో. పొద్దున్నే ఆవిడ హారన్ కొడుతుంది, నేను చెప్పుల్లో కాళ్ళు సగం దూర్చి పరుగెత్తుతాను, కారు వీధి మలుపు తిరగకముందే ఆవిడ గొణుగుడు మొదలవుతుంది. ఆఫీసు చేరేసరికి నాకు తల పగిలిపోతుంటుంది. ఆవిడ మాత్రం మనసులో బరువంతా నా మీద దించేసి హాయిగా దిగి వెళ్ళిపోతుంది.

ఆఫీసులో ఆవిడకి చాటుగా ఒక పేరుంది. ఐదో అంతస్తు. మా ఆఫీసుకి ఉన్నవి నాలుగే అంతస్తులు. కొత్తగా చేరినవాళ్ళని ఎవరైనా 'వెళ్ళి ఐదో అంతస్తుని అడుగు' అని పంపిస్తే వాళ్ళు పాపం లిఫ్టులో బొత్తాం కోసం వెతుక్కునేవాళ్ళు. ఈ వేళాకోళం వదినకి తెలుసు. తెలిసినా నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. 'అంతస్తు కాదు, అంచె' అని సరిదిద్దేది. నాకు ఒళ్ళు మండేది అక్కడే. వెక్కిరించేవాళ్ళని వదిలేసి వెక్కిరింపులో తప్పులు దిద్దే మనిషితో ఎలా వేగడం?

ఆ అంచె ఏమిటో చెప్పకపోతే ఈ గొడవంతా అర్థం కాదు. వదిన రాసేది కెర్నల్. అంటే కంప్యూటర్లో మిగతా ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉండి వాటిని మోసే ప్రోగ్రాము. అందులో ఆవిడది మెమరీ విభాగం. కంప్యూటర్లో నడిచే ప్రతి ప్రోగ్రామూ మెమరీ అంతా తనదే అనుకుంటుంది. దాని చేతిలో ఉన్న చిరునామాలన్నీ ఉత్తుత్తివి. ఆ ఉత్తుత్తి చిరునామాకి అసలు చోటు ఎక్కడుందో చెప్పే పట్టిక కెర్నల్ దగ్గర ఉంటుంది. అంతా ఒకే పట్టికలో రాస్తే ఆ పట్టికే మెమరీని మింగేస్తుంది కాబట్టి దాన్ని అంచెలుగా విడగొట్టారు. మొదటి పట్టిక రెండోదాన్ని చూపిస్తుంది, రెండోది మూడోదాన్ని, మూడోది నాలుగోదాన్ని, నాలుగోది అసలు చోటుని. ఊరు, వీధి, ఇల్లు, గది అని వెతుక్కుంటూ వెళ్ళినట్టు. మా కంపెనీ చేస్తున్న కొత్త యంత్రంలో మెమరీ ఎంత ఎక్కువంటే నాలుగంచెల చిరునామాతో దాని కొసదాకా వెళ్ళలేం. ఊరికి పైన జిల్లా అని ఇంకొకటి పెట్టాలి. ఆ జిల్లా పెట్టడమే వదిన పని.

పైన ఇంకో పట్టిక పెడితే సరిపోతుందిగా, దీనికింత హడావిడి ఎందుకని మొదట్లో నేనూ అన్నాను. ఆ మాట అన్నందుకు రెండు సిగ్నళ్ళ పొడుగునా పాఠం విన్నాను. కెర్నల్లో ఆ పట్టికలని తడిమే చోట్లు కొల్లలు. రాసినవాళ్ళందరూ అంచెలు నాలుగే, ఎప్పటికీ నాలుగే అన్న ధీమాతో రాసుకుపోయారు. వాటిలో ఏ ఒక్కటి మార్చడం మర్చిపోయినా యంత్రం కూలబడుతుంది. పైగా పాత యంత్రాలకి ఐదో అంచె చదవడం చేతకాదు. ఒకే కెర్నల్ వాటి మీదా నడవాలి. అలాంటి చోట ఐదో అంచె ఉన్నట్టే ఉండి, ఏ పనీ చేయకుండా, వచ్చినవాళ్ళకి పక్కకి తప్పుకుని దారి ఇవ్వాలి. ఇంటిపనిలో మా అన్నయ్య ఉన్నట్టన్నమాట. ఈ పోలిక వదినదే, నాది కాదు.

ఇంకో చిక్కు ఏమిటంటే ఆ కెర్నల్ మా కంపెనీది కాదు. అది అందరిదీ. దేశదేశాలవాళ్ళు తలో చెయ్యీ వేసి రాస్తారు. ఎవరు ఏం మార్చినా ముందు అందరికీ కనిపించేలా మెయిల్ పెట్టాలి. దాన్ని అందరూ చీల్చి చెండాడాక, ఆ విభాగం చూసుకునే మనిషి ఒప్పుకుంటేనే లోపలికి వెళ్తుంది. మెమరీ విభాగం చూసుకునే ఆయన్ని మేమెవరం చూడలేదు. ఎక్కడో ఉంటాడు. కోపతాపాలు లేకుండా ఒకటే ముక్తసరి గొంతుతో మెయిళ్ళు రాస్తాడు. నేను ఆయనకి ద్వారపాలకుడని పేరు పెట్టాను. కొత్త కెర్నల్ విడతలవారీగా వస్తుంది, విడతకోసారి కొద్దిరోజులు మాత్రమే తలుపు తీస్తారు. ఈసారి తలుపు మూసేలోపల వదిన పని లోపలికి వెళ్ళకపోతే ఆ ప్రయత్నమే మానేస్తామని మా పెద్దసారు చెప్పేశారు. మానేస్తే వదినని ఫిర్యాదులు వినే విభాగానికి మారుస్తారు.

ఫిర్యాదుల విభాగానికి వెళ్ళడం అవమానమేమీ కాదు, అక్కడా మనుషులే పనిచేస్తారు. కానీ వదిన సంగతి వేరు. మొదట పనిచేసిన చోట ఏళ్ళ తరబడి రాసినదాన్ని, ఆ కంపెనీ చేతులు మారినప్పుడు కొన్నవాళ్ళు తీసి పక్కన పడేశారు. రెండోచోట రాసినదాన్ని ఒకాయన అక్కడా ఇక్కడా గీకి తన పేరుతో పంపించుకున్నాడు. ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఒకరోజు గేటు దగ్గర కారు ఆపి, దిగకుండా స్టీరింగ్ పట్టుకునే కూర్చుంది.

"ఇది కూడా పోయిందనుకో, ఇన్నేళ్ళూ ఏం చేశావని ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదే" అంది.

నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కునేలోపే దిగిపోయింది. ఆ తర్వాత ఆవిడ గొణుగుడు మీద విసుక్కోవాలంటే నాకు మనసొప్పేది కాదు. విసుక్కోకుండా ఉన్నానని కూడా అనను.

ఆవిడ వాళ్ళమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. బడి లేని రోజుల్లో కూతుర్ని వెంట తీసుకెళ్ళి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకునేదట. ఎవరో ఎక్కడినుంచో ఒక నంబరు అడిగేవారు. వాళ్ళమ్మ తీగ లాగి, ఎదురుగా బోర్డు మీదున్న అన్ని రంధ్రాల్లోనూ సరిగ్గా ఆ రంధ్రంలోనే గుచ్చేది. అటునుంచి ఎవరో హలో అనేవారు. అంతే, ఇక ఆవిడ వాళ్ళిద్దరికీ లేనట్టే లెక్క. ఒక్కరైనా అమ్మని తలుచుకోరేమని చిన్నప్పుడు వదినకి ఏడుపొచ్చేదట. ఇది చెప్పినప్పుడు కూడా ఆవిడ గొంతులో ఆ ఉక్రోషం అలాగే ఉంది.

సరే, పని మొదలైంది. ముందు పేరు దగ్గరే ఆగిపోయింది. అప్పటికే ఉన్న నాలుగు పట్టికలకీ పైది, ఎగువది, నడిమిది, చివరిది అన్న అర్థమొచ్చే పేర్లున్నాయి. కొత్తదాన్ని ఏమనాలి? పనిలో ఎక్కడా ఒక్క తప్పు పట్టని మహానుభావులందరూ పేరు పెట్టడానికి మాత్రం తయారైపోయారు. ఒకాయన పైపైది అన్నాడు. ఇంకొకాయన ఎగువకెగువది అన్నాడు. ఒకావిడ మొత్తం అన్నిటి పేర్లూ మార్చేస్తే ఏ గొడవా ఉండదని వ్యాసం రాసింది. వదిన ఒక్కో ప్రతిపాదనకీ ఓపిగ్గా జవాబు రాసేది. నాకు కారులో చదివి వినిపించేది. చివరికి విసిగిపోయి పేరు బదులు ఒక అంకె తగిలించి పంపేసింది. ఆశ్చర్యంగా ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళకీ విసుగొచ్చి ఉంటుంది.

తర్వాత నా వంతు. నా ఉద్యోగం పరీక్షలు చేయడం. వదిన మార్చిన కెర్నల్ని కొత్త యంత్రంలో ఎక్కించి, బొత్తాం నొక్కి, లేస్తుందో లేదో చూసి చెప్పాలి. ఆ యంత్రాలుండే గదిలో ఎండాకాలంలో కూడా స్వెట్టర్ వేసుకోవాలి. ఫ్యాన్ల హోరుకి చెవుల్లో దూది పెట్టుకోవాలి. బొత్తాం నొక్కగానే తెర నల్లగా అయిపోయేది. తప్పు జరిగిందని ఒక్క అక్షరమైనా వస్తే దాన్ని పట్టుకుని వెతకొచ్చు. అదీ లేదు.

ఎందుకలా అని అడిగితే వదిన చెప్పింది. యంత్రం నాలుగంచెల పట్టిక పట్టుకుని నిద్ర లేస్తుందట. దాన్ని వదిలి ఐదంచెల పట్టిక పట్టుకోవాలి. మధ్యలో ఒక్క క్షణం ఏ పట్టికా లేకుండా నిలబడాలి. అక్కడ అడుగు తప్పితే కూలిపోతుంది. ఎందుకు కూలిందో చెప్పడానికి అప్పటికి దానికి నోరు కూడా ఉండదు. చేతిలో ఉన్నది వదలకుండా ఇంకోటి పట్టుకోవడం కుదరదా అంటే కుదరదంది. యంత్రం చేసినవాళ్ళే కుదరదని రాసి పెట్టారట. ఇక నేను చేయగలిగిందేముంది? బొత్తాం నొక్కడం, నల్ల తెర చూడడం, వెళ్ళి 'లేవలేదు వదినా' అని చెప్పడం. ఆ ముక్క చెప్పీ చెప్పీ నా తల ప్రాణం తోకకొచ్చింది. నేను గది తలుపు తీయగానే నా మొహం చూసి ఆవిడే 'లేవలేదా' అనేది.

ఒక మధ్యాహ్నం అది లేచింది. తెర మీద అక్షరాలు వరసగా పారుతుంటే నేను దూది తీసేసి పరుగున వెళ్ళాను. వదిన వచ్చి, స్వెట్టర్ కూడా వేసుకోకుండా ఆ చలిలో నిలబడి చూసింది. చిన్నపిల్లలా నా భుజం గిల్లింది. ఇక మిగిలింది మామూలు ప్రోగ్రాములు దాని మీద నడుస్తున్నాయో లేదో చూడడమే. అది నామమాత్రమే అనుకున్నాం.

అన్నీ నడిచాయి, ఒక్కటి తప్ప. వంతెనలకి నమూనాలు గీసే ప్రోగ్రాము ఒకటుంది. ఇంజనీర్లు వాడతారు. తెరిచీ తెరవగానే అది పడిపోయింది. నాలుగంచెల కెర్నల్ మీద బంగారంలా నడుస్తోంది, ఐదంచెల మీద పడిపోతోంది. పడిపోయేటప్పుడు దాని చేతిలో ఉన్న చిరునామాలు తెర మీద పడతాయి. వదిన వాటి మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టుకుంటూ వెళ్ళింది. ఒక చిరునామా ముందు భాగంలో ఏడు ఉంది. ఇంకోదాని ముందు ఏడు. తర్వాతదానికి ఎనిమిది. మళ్ళీ ఏడు.

"ఇది మీ అన్నయ్య" అంది వదిన.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఆ ఏడుని గుర్తుపట్టాను. మా అన్నయ్య కూడా ప్రోగ్రాములు రాసేవాడే, వేరే కంపెనీలో. ఆయన ఏది లెక్కపెట్టినా ఏడుతో మొదలుపెడతాడు. సున్నాతో మొదలుపెడితే మర్చిపోయినట్టు ఉంటుందట, ఒకటితో అయితే అందరిలా ఉంటుందట. ఇంట్లో డబ్బాల మీద అంకెలు వేసినా మొదటి డబ్బా ఏడే. ప్రపంచంలో ఇలాంటి మనిషి ఇంకొకడు ఉంటాడని నేననుకోను.

సంగతి ఇది. చిరునామా రాయడానికి యంత్రం ఇచ్చే గడి పొడుగ్గా ఉంటుంది. నాలుగంచెల కాలంలో చిరునామా ఆ గడినంతా నింపదు. ముందు భాగం ఖాళీగా పడి ఉంటుంది. ముందు ముందు అవసరపడొచ్చు, దాన్ని ముట్టుకోవద్దని యంత్రం తయారుచేసినవాళ్ళు పుస్తకంలో స్పష్టంగానే రాశారు. మా అన్నయ్య కుర్రతనంలో, ప్రోగ్రాములకి మెమరీ పంచిపెట్టే ఒక చిన్న ముక్క రాశాడు. ఏ వస్తువు కొత్తదో ఏది పాతదో గుర్తుపెట్టుకోవడానికి ఆ ఖాళీలో ఏడు, ఎనిమిది అని గుర్తులు వేసుకున్నాడు. చిరునామా వాడేముందు ఆ గుర్తు చెరిపేసి వాడేవాడు. ఇప్పుడు ఐదో అంచె వచ్చి ఆ ముందు భాగంలో నిజం చిరునామా రాస్తోంది. అన్నయ్య ముక్క దాని మీద ఏడు వేసి, తర్వాత ఆ ఏడుని చెరిపేస్తోంది. ఏడుతో పాటే చిరునామా కూడా పోతోంది. అదీకాక ఆ ముక్క చాలా బాగా పనిచేస్తుందని పేరొచ్చి, ఎవరు పడితే వాళ్ళు తమ ప్రోగ్రాముల్లో కలిపేసుకున్నారు. ఎవరెవరు కలుపుకున్నారో అన్నయ్యకే తెలియదు.

ఇక్కడ మా అన్నయ్య గుణం ఒకటి చెప్పాలి. ఆయనకి ఖాళీ కనిపిస్తే చాలు, అందులో తన వస్తువు పెట్టేస్తాడు. నా బీరువా పై అరలో ఆయన తీగల చుట్టలున్నాయి. వదిన హ్యాండ్‌బ్యాగుకి పక్కన ఒక జేబుంటుంది. అందులో పెళ్ళైనప్పటినుంచీ అన్నయ్య కళ్ళజోడు, తాళాలు, పెన్ను, తలనొప్పి మాత్రలు. వదిన తన కారు తాళం పెట్టుకుందామన్నా అందులో చోటుండేది కాదు. ఆ జేబు వాడుకోనా అని ఆయన ఏనాడూ అడగలేదు, ఆవిడా ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు.

ఆదివారం పొద్దున నేను పైకి వెళ్ళేసరికి వదిన 'మీరు' అంటోంది. మామూలుగా వాళ్ళిద్దరూ నువ్వు నువ్వే. మీరు అందంటే గొడవ ముదిరిందన్నమాట.

"ఆ చోటు ఎవరిదనుకుని వాడుకున్నారు మీరు?"

అన్నయ్య కాఫీ కప్పు కింద పెట్టలేదు. "ఖాళీగా ఉందిగా" అన్నాడు.

"ఖాళీగా ఉంటే మీదైపోతుందా?"

"ఇన్నేళ్ళలో ఎవరూ వచ్చి అడగలేదు కదా."

"ఇప్పుడు నేనొచ్చాను" అంది వదిన.

అన్నయ్య చెడ్డవాడు కాదు. విషయం అర్థమయ్యాక నిజంగా బాధపడ్డాడు. తన ముక్కని సరిచేసి ఇస్తానన్నాడు. గుర్తులు ఇంకోచోట పెట్టుకుంటానన్నాడు. కానీ సరిచేసినది కొత్త ప్రోగ్రాముల్లోకి వెళ్తుంది. ఇప్పటికే లోకమంతా పాకిపోయిన పాత ముక్కల మాటేమిటని వదిన అడిగితే ఆయన గోడకేసి చూశాడు. వాటిని వెతికి పట్టుకుని మార్చడం ఎవరి వల్లా కాదు.

వదిన ద్వారపాలకుడికి ఉన్నదున్నట్టు రాసింది. ఫలానా ప్రోగ్రాము తనది కాని చోటు వాడుకుంది, తప్పు దానిది, దాన్ని రాసిన మనిషి దిద్దుకుంటున్నాడు, కాబట్టి నా పనిని లోపలికి తీసుకోండి అని. రాసిన మనిషి తన భర్త అని మాత్రం రాయలేదు. ద్వారపాలకుడు ఎప్పటిలాగే ముక్తసరిగా జవాబిచ్చాడు. నిన్న నడిచిన ప్రోగ్రాము ఇవాళ మన వల్ల నడవకపోతే తప్పు మనది. తీసుకోవడం కుదరదు.

వదిన ఆ మెయిల్‌ని కారులో పైకి చదివింది. తలుపు మూసే గడువు దగ్గరపడింది. ఆవిడ మాత్రం మెట్టు దిగలేదు. చోటు ఆక్రమించుకున్నవాళ్ళు ఖాళీ చేయాలి గానీ ఇల్లు కట్టేవాళ్ళు ఎందుకు ఆగాలి అంటుంది. మాట న్యాయమే. ఆ న్యాయం పట్టుకుని పెద్ద పెద్ద మెయిళ్ళు రాసింది. అవతలివాడు గోడ. ఇంట్లో అన్నయ్యతో మాటలు బంద్. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని నా చేత కబుర్లు పంపించుకునేవాళ్ళు. మంచినీళ్ళ జగ్గు ఇటివ్వమను అని ఈయన, చేతికి అందేంత దూరంలోనే ఉందని చెప్పు అని ఆవిడ. యాభైకి దగ్గరపడిన ఇద్దరు మనుషులు, ఇద్దరూ చదువుకున్నవాళ్ళు. మధ్యలో నేను. ఒకరోజు జగ్గు తీసుకుని మా ఇంటికి దిగొచ్చేశాను. తిరిగి ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున వదిన నన్ను పైకి పిలిచి ఇంకో అడుగు ముందుకు వేసింది. బ్యాగు పక్కజేబులో ఉన్న అన్నయ్య సామానంతా తీసి అలమరలో సొరుగులో పెట్టేసింది. నాకు చూపించి మరీ చెప్పింది, ఇవాళ్టినుంచి ఈ జేబు నాది అని. ముగ్గురం గుమ్మం దగ్గరికి వచ్చాం. అన్నయ్య అలవాటు ప్రకారం, చూడకుండానే, ఆ జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కళ్ళజోడు లేకపోతే ఆయనకి లిఫ్టు బొత్తాల మీద అంకెలు కనబడవు. తాళం లేకపోతే బండి లేదు. జేబులో చెయ్యి అలాగే ఉంచి, ఎటు కదలాలో తెలియనట్టు నిలబడిపోయాడు. నవ్వొస్తుందనుకున్నాను, రాలేదు. చూడడానికి బాగాలేదు. వదిన కూడా చూసింది. లోపలికి వెళ్ళి సొరుగులోంచి అన్నీ తెచ్చి, ఆయన చేతిలో పెట్టింది.

కారు సగం దూరం వెళ్ళింది.

"చోటు నాదే కదా. అయినా ఆయన అలా నిలబడిపోయాడే" అంది. సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి, "ఆ జేబు జోలికి పోకుండా లోపల ఇంకో జేబు పెట్టుకుంటే సరిపోతుందేమో" అంది.

నేను బ్యాగు సంగతే అనుకుని, అంత పాత బ్యాగుకి కుట్టుకూలి దండగ, కొత్తది కొనుక్కో అన్నాను. ఆవిడ విననేలేదు. ఆఫీసుకి వెళ్ళగానే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఆవిడ చేసిందల్లా ఇదే. ఐదంచెల పట్టిక ఉంటుంది. కానీ ఏ ప్రోగ్రాము వచ్చి మెమరీ అడిగినా మునుపు ఇచ్చిన కింది చిరునామాల్లోంచే ఇస్తారు. ముందు భాగం ఎప్పటిలాగే ఖాళీ. అందులో ఏడు వేసుకుంటారో ఎనిమిది వేసుకుంటారో వాళ్ళిష్టం. నాకు పైన కావాలి అని నోరు తెరిచి అడిగిన ప్రోగ్రాముకి మాత్రం పై చిరునామాలు ఇస్తారు. అడగనివాళ్ళకి పైన ఒక అంచె ఉందన్న సంగతే తెలియదు.

ఎంత చిన్న మార్పంటే, ఇన్నాళ్ళ రభస తలుచుకుని నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆవిడకి మాత్రం అది చిన్నది కాదు. ఇంత కష్టపడి కట్టినదాన్ని ఎవరికీ కనబడకుండా తన చేత్తోనే మూసేయాలి. రాసేటప్పుడు ఆవిడ మొహం చూశాను. వాళ్ళమ్మ పక్కన స్టూలు మీద కూర్చున్నప్పుడు కూడా అలాగే ఉండి ఉంటుంది. చాలా జాలేసింది. ఆ మాట అంటే కొడుతుందని ఊరుకున్నాను.

పరీక్షలు మొదటినుంచీ మళ్ళీ చేశాను. వంతెనల ప్రోగ్రాము లేచింది, గీసింది, మూసుకుంది. అడిగిన ప్రోగ్రాములకి కొత్త యంత్రం మెమరీ కొసదాకా అందింది. మిగతావన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. నా నివేదికలో ఒకటే వాక్యం రాశాను, పాత ప్రోగ్రాములకి ఏ తేడా తెలియడం లేదని. వదిన దాన్ని అలాగే జతచేసి పంపింది. తలుపు మూసే ముందురోజు ద్వారపాలకుడి జవాబొచ్చింది. తీసుకున్నాను అని ఒక మాట. దాని కింద, ఫలానా వరుస చివర అనవసరంగా ఒక ఖాళీ వదిలారు, నేనే తీసేశాను అని ఇంకో మాట. అన్నాళ్ళ పనికి ఆ మహానుభావుడి నోటినుంచి రాలింది అంతే. నేను కంప్యూటర్ తెరని తిట్టాను. వదిన మాత్రం ఆ మొదటి మాట మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. మార్పు కింద ఆవిడ పేరుంది. ఈసారి ఎవరూ గీకేయలేదు.

ఆ వారం సమావేశంలో పెద్దసారు అందరి ముందూ, ఇంతకీ ఏం మారిందో రెండు ముక్కల్లో చెప్పండమ్మా అన్నారు. పెద్ద తెర మీద ఏదో చూపిస్తుందని అందరూ కుర్చీలు ఇటు తిప్పుకున్నారు.

"పాతవాళ్ళకి ఏమీ మారలేదు సార్. కష్టమంతా అక్కడే" అంది వదిన.

ఆయనకి అది ఆనలేదు. బాగుంది బాగుంది అని తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు. పక్కనున్నవాళ్ళు నా వైపు చూశారు, నేను విప్పి చెబుతానేమోనని. నాకు ఓపిక లేదు. ఎంతని చెబుతాను? తిరుగుదారిలో వదిన గొణుగుతుందని సిద్ధపడి కూర్చున్నాను. ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. గొణగని వదిన పక్కన కూర్చోవడం ఇంకా కష్టమని అప్పుడు తెలిసింది.

తర్వాతి శనివారం ముగ్గురం ఒక పెళ్ళికి బయల్దేరాం. వాళ్ళిద్దరికీ మాటలు అంతంతమాత్రం. కానీ నువ్వులోకి దిగారు. నేను లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డాను. వదిన బ్యాగు భుజాన తగిలించుకుంది. పక్కజేబు ఆరోజునుంచీ ఖాళీగానే ఉంది, ఆవిడా అందులో ఏమీ పెట్టుకోలేదు. అన్నయ్య కళ్ళజోడు తీసి, మడిచి, చెయ్యి ఆ జేబు దాకా తీసుకెళ్ళి ఆపేశాడు.

"ఇందులో పెట్టుకోనా?" అన్నాడు.

వదిన ఆయన్ని చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఆవిడ వినడం అదే మొదటిసారి. బ్యాగు భుజం మీంచి దింపింది. పెద్ద జిప్పు తీసింది. లోపల మెత్తటి గుడ్డ కుట్టిన చిన్న అర ఒకటుంది. తన గాజులూ వాళ్ళమ్మ ఫోటో తప్ప అందులో ఇంకేమీ పెట్టదు. నన్ను కూడా ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు.

"అందులో వద్దు, గీతలు పడతాయి. ఇందులో పెట్టు" అంది.

అన్నయ్య కళ్ళజోడు రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా అందులో పెట్టాడు. నాకు కళ్ళు తడిసినమాట నిజం. కానీ లిఫ్టు తలుపు నా భుజాన్ని నొక్కేస్తూ కూతలు పెడుతోంది, పెళ్ళికి ఆలస్యమవుతోంది, ఇద్దరూ ఆ జిప్పు దగ్గరే నిలబడి ఉన్నారు. త్వరగా తెమలండి బాబూ అని అరిచాను.